రెండు పాటలంత సేపు

పోసిన మైనం మీద పొర కట్టీ కట్టకముందే పూలు గుచ్చాలి. ఇంకా ముందు గుచ్చితే పువ్వు మునిగిపోతుంది, ఆలస్యమైతే నిలబడక రాలిపోతుంది. ఆ రెంటికీ మధ్య దొరికే కాసింత సేపట్లోనే రేకులమ్మ బతుకంతా వెళ్లిపోతోంది. ఆ మధ్యాహ్నం సరిగ్గా ఆ కాసింత సేపట్లోనే కరెంటు పోయింది.

కిటికీ మూసి ఉంది. గాలి తగిలితే మైనం ఒక పక్క ముందుగా ఆరి గుంట పడుతుంది. అందుకని మైనం కరిగించే రోజున ఆ ఇంట్లో కిటికీ తెరవరు, ఫ్యాను వేయరు. స్టవ్వు మీద నీళ్ల గిన్నె, ఆ నీళ్లలో మైనం గిన్నె, కింద నీలంగా మంట. ఆ మంట వెలుతురులోనే ఆమె తడుముకుంటూ ఎండుపూలు గుచ్చుతోంది. సాయంత్రానికి కొవ్వొత్తుల కోసం వ్యాను వస్తుంది. గోడ పక్కన పేర్చిన పెట్టెల్లో ఇంకా రెండు నిండలేదు. కరెంటు లేదని, మైనం ఇచ్చి పని చేయించుకునే పెట్టెలాయనతో చెప్పుకుంటే ఆయన జాలిపడతాడు. జాలిపడి, పని ఇంకో వీధికి ఇచ్చేస్తాడు.

రేకులమ్మ అనేది ఆమెకు వీధి పెట్టిన పేరు. పలచగా పోసిన మైనం గోరువెచ్చగా ఉండగానే చెంచాతో కోసి, అరచేతిలో బొటనవేలితో నొక్కి, రేకు మీద రేకు చుట్టి ఆమె గులాబీ చేస్తే, ముక్కు దగ్గర పెట్టుకుని చూసినవాళ్లున్నారు. ఇప్పుడు పేరే మిగిలింది, పని మారిపోయింది. "మైనప్పూలు ఎవరిక్కావాలమ్మా, ఇది నిజం పూల కాలం" అంటూ పెట్టెలాయన పోయిన వారం ఎండుపూల గోనె ఒకటి దించాడు. గులాబీలు, గడ్డిపూలు, పైన మెరుపు కోసం కొట్టడానికి వార్నిషు డబ్బాలు. రేకులు చుట్టే పని లేదు, గుచ్చితే చాలు. పని సగమైంది కాబట్టి కూలీ కూడా సగమే అన్నాడు. వీధిలో కొవ్వొత్తులు చేసే ఆడవాళ్లు కాసేపు గొణిగి, రెట్టింపు చేస్తే పాత కూలీ పడుతుంది కదా అని తమకు తామే సర్దిచెప్పుకున్నారు. దుకాణంలో ఆ కొవ్వొత్తి ఒక్కదానికి చెప్పే ధర రేకులమ్మ రెండు రోజుల కూలీ. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి చేసేదేముంది?

"అమ్మాయ్, నా మందుబిళ్లలు ఎక్కడ పెట్టావే?" వెనక గదిలోంచి అత్త అడిగింది.

"గూట్లో ఉన్నాయత్తా. నేనిప్పుడు లేవలేను. కరెంటొచ్చేదాకా ఆగు."

"నేను ఆగుతాను సరే, నా గుండె ఆగుతుందా? ఆగితే మళ్లీ నువ్వే ఏడుస్తావు."

అత్త నోరు అలాంటిది. రేకులమ్మ నవ్వుకుని మళ్లీ పూల మీదికి వంగింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది కానీ, చేతిలోని పువ్వు పక్కకు వాలుతుంటే దాన్ని నిలబెట్టడంలో పడి పట్టించుకోలేదు. వరసలో ఉన్నవన్నీ గుచ్చి, కొత్త కాగితం గిన్నెల్లో వత్తులు నిలబెట్టి, మళ్లీ మైనం పోసింది. అప్పుడు వెనక గది గోడ పసుపుపచ్చగా వెలిగింది. హమ్మయ్య, కరెంటొచ్చింది అనుకుంది. మరుక్షణమే చేతిలోని గిన్నె దించేసింది. కరెంటు వెలుగు అలా ఊగదు.

పరిగెత్తి చూస్తే అత్త గూటి ముందు నిలబడి మంటను ఊదుతోంది. అది కొవ్వొత్తి వెలుగులా లేదు. వత్తి ఎక్కడుందో తెలియడం లేదు, చుట్టూ ఉన్న పువ్వు పువ్వూ ఒక వత్తై మండుతోంది. కాగితం గిన్నె కూడా అంటుకుని, మైనం కారి, గూటి పలక మీద మంట పాకుతోంది. అత్త ఊదిన కొద్దీ అది ముందుకు వంగి ఆమె మొహం మీదికే వస్తోంది. అత్త కంగారులో పక్కనున్న నీళ్ల చెంబు అందుకుంది.

"నీళ్లొద్దు!" అని అరిచి రేకులమ్మ చెంబు లాగేసింది. మైనం మంట మీద నీళ్లు పోస్తే అది ఎగిరి మీద పడుతుందని ఆ వీధిలో పసిపిల్లకైనా తెలుసు. ఒక ఇత్తడి గిన్నె బోర్లించి, దాని చుట్టూ తడిగుడ్డ కుక్కి, గిన్నె కాలుతున్నా వదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకుంది. లోపల మంట చచ్చిపోయాక కూడా చాలాసేపు చేతులు తియ్యలేదు. తీస్తే మళ్లీ లేస్తుందేమోనని భయం.

అత్త గోడకు చేరగిలబడి కూర్చుంది. ఎడమ కనుబొమ్మ లేదు. ముందరి జుట్టు చిటికెడంత ముడుచుకుపోయి, కాలిన వాసన కొడుతోంది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది.

"ఎక్కడిదత్తా అది?"

"వంకరగా వచ్చిందని నువ్వు పక్కన పెట్టావే, అది. బిళ్లలు కనబడగానే ఆర్పేద్దామనుకున్నా. బాగానే వెలిగింది మొదట్లో. ఎంత ముద్దుగా వెలిగిందో. నేను అటు తిరిగి బిళ్లలు వెతుక్కుంటున్నా, ఇంతలో ఏమైందో ఏమో."

ఆ వీధిలో ఇంటింటా కొవ్వొత్తులు చేస్తారు, ఒక్క ఇంట్లోనూ వెలిగించరు. పెట్టెలాయన మైనం తూచి ఇచ్చి, కొవ్వొత్తులు తూచి పట్టుకుపోతాడు. వంకరదైనా విరిగినదైనా తిరిగి అప్పజెప్పాల్సిందే, కరిగించి మళ్లీ పోయాల్సిందే. అలా మొదలైన కట్టుబాటు పోను పోను నమ్మకమైపోయింది. చేసిన చేత్తో వెలిగిస్తే చేతిలో పని ఆరిపోతుంది అనేవాళ్లు ఆడవాళ్లు. అమ్మలు కూతుళ్లకు చెప్పేవాళ్లు. కరెంటు పోతే చీకట్లో కూర్చునేవాళ్లు కానీ, ఇంటినిండా ఉన్న కొవ్వొత్తుల్లో ఒక్కదాన్ని ముట్టించేవాళ్లు కాదు. దీపం కిందే చీకటంటే అదే. తాము చేసింది ఎలా కాలుతుందో ఆ వీధిలో ఎవరూ ఇంతవరకు కళ్లారా చూడలేదు.

రేకులమ్మ తిరిగి ముందు గదిలోకి వచ్చి పెట్టెల వైపు చూసింది. నిన్నటిదాకా అవి బియ్యం, ఇంటద్దె, బడి ఫీజు. ఇప్పుడు వాటి పక్కనుంచి నడవడానికి ఆమెకు కాళ్లు రాలేదు. ముందు స్టవ్వు కట్టేసింది. ఏమో, అది వంకరది కదా, అందుకే అలా అయిందేమో అని మనసు ఒక ఆశ చూపించింది. ఆ ఆశ పట్టుకుని పెట్టెలోంచి మంచిదొకటి తీసి, పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టి, గిన్నె పక్కన సిద్ధంగా ఉంచుకుని ముట్టించింది.

మంట చిన్నగా, బుద్ధిగా నిలబడింది. చుట్టూ ఎర్రగులాబీలు, మధ్యలో వెలుగు. ఇంత అందమైనది నా చేతుల్లోంచి వచ్చిందా అనిపించి, అంత భయంలోనూ ఒక్క క్షణం ముచ్చటేసింది. కాసేపు చూసింది. ఏమీ కాలేదు. నయమే, అత్తే ఏదో తగిలించుకుని ఉంటుందనుకుని లేవబోయింది. అప్పుడు కరిగిన మైనం పక్కకు పాకి మొదటి పువ్వు మొదలును తాకింది. పువ్వు మైనాన్ని పీల్చుకుంది. చిటపటమంటూ ఒక రేకు, దాని పక్కది, ఆ పక్కది. కళ్లార్పేలోపు మంట జానెడు లేచింది. వార్నిషు కాలిన నల్లటి పొగ. ఆమె గిన్నె బోర్లించింది కానీ, మొదటిసారి గురి తప్పింది.

ఈ సరుకు ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. పెట్టెలాయనే సంబరంగా చెప్పాడు. ఊళ్లో పెద్ద బడిలో రేపు వేడుకట. చిన్న తరగతుల పిల్లలందరికీ కాగితం రెక్కలు కట్టి, హాల్లో దీపాలన్నీ ఆర్పేసి, చేతికొక పూల కొవ్వొత్తి ఇచ్చి నిలబెడతారట. పిల్లలు రెండు పాటలు పాడతారట. "నీ పూలు స్టేజీ ఎక్కుతున్నాయి చెల్లెమ్మా" అన్నాడు. ఆ రోజంతా ఆ మాట తలుచుకుని ఆమె మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆమె ఆ రెండు పాటల లెక్క వేసుకుంది. ఒక పాట బాగానే సాగుతుంది. రెండో పాట సగంలో ఉండగా పువ్వు అంటుకుంటుంది. పక్కపక్కన నిలబడ్డ పిల్లలు, ఒకరి రెక్కలు ఒకరికి తగులుతూ. తన కూతురు చదివేది ఆ బడి కాదు, ఆ బడి గేటు దాకా వెళ్లే స్తోమత కూడా వీళ్లకు లేదు. కానీ ఆమె మనసు అవేవీ వినిపించుకోలేదు. కాగితం రెక్కల మధ్య ఆమెకు తన కూతురి రెండు జడలే కనిపిస్తున్నాయి.

వాసన పట్టుకుని పక్కింటి టైలరమ్మ వచ్చింది. కుట్టుపని అంతా రెడీమేడ్ దుకాణాలు మింగేశాక మిషను గోడకు జరిపి ఆమె కూడా కొవ్వొత్తులే చేస్తోంది. బండ మీది మసినీ, గుమ్మంలో కూర్చున్న అత్త మొహాన్నీ చూసింది. చెప్పక్కర్లేకుండానే సగం అర్థమైంది. మిగతా సగం రేకులమ్మ చెప్పింది.

"వెలిగించారా?" అంది టైలరమ్మ. మొదట ఆమెకు అదే నేరంగా తోచింది.

"వెలిగించబట్టే తెలిసిందక్కా. ఇవి పంపకూడదు."

"మెల్లగా మాట్లాడు." టైలరమ్మ వీధివైపు చూసి పెరటి తలుపు దగ్గరికి వేసింది. "నాకూ కడుపున పుట్టినవాళ్లున్నారు. ఎవరి పిల్లలో కాలిపోనీ అనను. కానీ పక్క వీధిలో ఏమైందో మర్చిపోయావా? ఒకావిడ కూలీ చాలట్లేదంది. అంతే, ఆ వీధి మొత్తానికి మైనం ఆగిపోయింది. ఇప్పుడు ఆవిడ పంపు దగ్గరికొస్తే ఎవరూ బిందె జరపరు."

"తెలుసు."

"మీ ఆయనకి చెప్పావా?"

"లారీ మీద ఉన్నాడు. ఎల్లుండికి గానీ రాడు."

"అయితే నోరు కుట్టుకుని కూర్చో. పెద్ద బడి అది, పంతుళ్లు ఉంటారు, ఆయాలు ఉంటారు. వాళ్లు చూసుకోరా?"

"నేనూ చూస్తూనే ఉన్నానక్కా, చూస్తుండగానే అంటుకుంది."

టైలరమ్మ ఒకసారి తన ఇంటి వైపు చూసుకుంది. ఆమె ఇంటి ముందు కూడా నిండిన పెట్టెలున్నాయి. గబగబా వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ పెరటి తలుపు గడియ బయటనుంచి కూడా వేసింది, లోపలి మాట ఎక్కడ బయటికి పారిపోతుందో అన్నట్టు.

రేకులమ్మ పెట్టెలు విప్పింది. పూలు పీకేద్దామని ఒకదాన్ని లాగితే పువ్వుతోపాటు మైనం పెచ్చు, దానితోపాటు వత్తి కూడా ఊడొచ్చింది. వాటన్నిటినీ మళ్లీ కరిగించి, పాత పద్ధతిలో మైనప్పూలు చుట్టాలంటే వీధంతా కూర్చున్నా ఈ సాయంత్రానికి కాదు. పెట్టెలాయనకు చెబితే అర్థం చేసుకుంటాడేమో. ఆయనా పిల్లలున్నవాడే. చెప్పే మాటలు మనసులో కూడబలుక్కుంది. ఎన్నిసార్లు కూడబలుక్కున్నా మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"భయమేస్తోందత్తా" అంది చివరికి.

"నాకూ వేస్తోంది" అంది అత్త. "ఇన్నేళ్లొచ్చాయి, మంటంటే ఇంత భయం ఎప్పుడూ లేదు. ఊదితే ఆరుతుందనుకున్నా. అది నన్నే ఊదింది."

వ్యాను హారను మోగింది.

పెట్టెలాయన మంచిగా మాట్లాడే మనిషి. గట్టిగా అరవడం ఆ వీధిలో ఎవరూ వినలేదు. చెప్పులు బయట విడిచి, "ఏం చెల్లెమ్మా, మొహం అలా ఉందేం?" అంటూ లోపలికి వచ్చాడు. డ్రైవరు అప్పుడే మొదటి పెట్టె భుజానికెత్తుకున్నాడు.

కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "అన్నా, ఇవి అంటుకుంటున్నాయి" అనేసింది.

"కొవ్వొత్తన్నాక అంటుకోకపోతే ఎలా?" అని నవ్వాడు.

"వత్తి కాదన్నా, పూలు. చూడు, మా అత్త మొహం చూడు."

ఆయన అత్త మొహం చూశాడు, గూట్లో మసి చూశాడు. నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం ఒక్కసారి తలుపు వైపు వెళ్లొచ్చాయి. "అమ్మకానికి చేసింది ఎవరైనా వెలిగిస్తారా చెల్లెమ్మా? పెద్దావిడకి తెలీక మొహం దగ్గర పెట్టుకుని ఉంటుంది. ఏం కాదు." చేతిలోని చీటీల చుట్ట విప్పి, పెట్టె మీద ఒకటి అంటించాడు. అలంకరణకు మాత్రమే, వెలిగించరాదు అని చిన్న అక్షరాలు. "ఇదిగో, ఇది ఉందిగా. మనకి మాట రాదు."

చుట్ట మొత్తం అచ్చు వేసిన చీటీలే. ఈ పూట రాయించినవి కావు. రేకులమ్మ ఆ చుట్ట వైపే చూసింది. ఈయనకు తెలుసు. గోనె దించిన రోజునుంచీ తెలుసు.

"మరి పిల్లలు వెలిగించరా రేపు?"

"వెలిగిస్తే వాళ్లిష్టం. చెల్లెమ్మా, ఒక మాట చెప్తా విను." ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "ఇవి చేసింది నీ చేతులు. పూలు గుచ్చింది నువ్వు. ఇందులో నా చెయ్యెక్కడుంది? రేపు ఎవరైనా అడిగితే ఎవరింటికొస్తారు? అందుకే చెప్తున్నా, ఇలాంటి మాటలు పైకి అనకు. నీ మంచికే."

అంతకుముందు ఆమెకున్నది ఒక్క భయం, ఇప్పుడు రెండయ్యాయి. పోలీసులు, కోర్టులు, లారీ దిగి వచ్చిన మొగుడు తాళం వేసి ఉన్న ఇంటి ముందు నిలబడటం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. సరేనన్నా అని ఒక్క మాట అంటే ఈ పూట గడిచిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

డ్రైవరు రెండో పెట్టె కోసం వచ్చాడు. ఆమె అతని చేతి కింద నుంచి పెట్టెలోని కొవ్వొత్తి ఒకటి తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే పూర్తిగా తెలియదు. తీసుకుని వీధి గుమ్మంలోకి నడిచింది. వ్యాను వచ్చిందని ఎవరి పెట్టెలు వాళ్లు పెట్టుకుని వీధిలో ఆడవాళ్లంతా అరుగుల మీదే ఉన్నారు. మొదటి అగ్గిపుల్ల విరిగిపోయింది. రెండోది వెలిగింది.

"ఇది పట్టుకో అన్నా" అంది వెనకే వచ్చిన పెట్టెలాయనతో. "రెండు పాటలంత సేపు పట్టుకో, చాలు. ఏం కాకపోతే నేనే మోసి వ్యానెక్కిస్తా."

"ఇదేం పంతం" అన్నాడాయన. చుట్టూ చూశాడు. ఇంతమంది చూస్తుండగా వద్దంటే బాగుండదని తీసుకున్నాడు. కాగితం గిన్నెను గుండెల దగ్గర పట్టుకుని, బడిపిల్లాడిలా నిలబడి, "చాలా?" అని నవ్వించబోయాడు. ఒకరిద్దరు నవ్వారు.

చేసిన కొవ్వొత్తి వెలగడం ఆ వీధి చూడటం అదే మొదలు. మాటలు వాటంతటవే తగ్గిపోయాయి. పెట్టెలాయన మాత్రం ఆపకుండా మాట్లాడుతున్నాడు, వచ్చే వారం ఇంకా పెద్ద ఆర్డరు ఉందని, తెల్లపూలు వస్తున్నాయని. మాట్లాడుతూనే కిందికి చూశాడు. మైనం కరుగుతోంది. గిన్నె గుండెల దగ్గర నుంచి కొంచెం ముందుకు జరిగింది. తెల్లపూలకి కూలీ కూడా కాస్త కలుపుతానన్నాడు. చెయ్యి ఇంకొంచెం చాచాడు. కాసేపటికి మోచెయ్యి నిటారుగా అయిపోయింది, మొహం పక్కకు తిరిగింది, మాట మధ్యలో ఆగింది. కరిగిన మైనం మొదటి పువ్వుకు ఇంకా గోరంత దూరంలో ఉంది.

ఆయన వంగి కొవ్వొత్తి ఊదేశాడు.

"గాలొస్తోంది, మైనం చేతి మీద కారుతుంది" అన్నాడు.

ఆకు కూడా కదలడం లేదు. అరుగుల మీద ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇవ్వను" అంది రేకులమ్మ. గొంతు ఆమెకే సరిగ్గా వినబడలేదు. అందుకని మళ్లీ అంది. "ఇవి నేనివ్వను. ఆ పెట్టె దించు బాబూ, వ్యానెక్కించిందీ దించు."

డ్రైవరు పెట్టె భుజాన పెట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడిపోయాడు. "ఎక్కించరా" అన్నాడు పెట్టెలాయన. ఆయన గొంతు పెరగడం వీధి మొదటిసారి విన్నది. "రేపటినుంచి ఈ వీధిలో ఒక్కరికీ మైనం రాదు. ఈవిడ పుణ్యం. గుర్తుపెట్టుకోండి అందరూ."

అందరూ విన్నారు. ఒకావిడ తన పెట్టె ఎత్తుకుని వ్యాను వైపు రెండడుగులు వేసింది కూడా. రేకులమ్మ టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ ఆమె వైపు చూడలేదు. ఆర్పేసిన కొవ్వొత్తినే చూస్తోంది. తర్వాత వంగి, గుమ్మం ముందున్న తన పెట్టెలను ఒక్కొక్కటిగా కాలితో లోపలికి నెట్టి, తానూ లోపలికి పోయి తలుపేసుకుంది. అది భయపడి వేసుకున్న తలుపో, పెట్టెలు ఇవ్వనని వేసుకున్న తలుపో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు.

రేకులమ్మ గుమ్మం దిగి వ్యాను దగ్గరికి వెళ్లింది. వ్యాను తలుపుకు వీపు ఆనించి, డ్రైవరుకు అడ్డంగా అలాగే నిలబడింది.